టమాటాను తొలిచే టూటా అబ్సొల్యూటా: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఇదేం పురుగు?

పెరూ దేశంలోని ఆండీస్ కొండల నుంచి బయల్దేరిన బుల్లి చిమ్మట. రెక్కలు ముడుచుకుని కూర్చుంటే పొడవు 5 నుంచి 7 మిల్లీమీటర్లు. రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు ఒక సెంటీమీటరు. ఒళ్లంతా వెండి కలిసిన బూడిద రంగు, ముందు రెక్కల మీద నల్లటి చుక్కలు ఉంటాయి. పగలంతా ఆకుల అడుగున కదలకుండా ఉంటుంది. అందుకే రెక్కల పురుగు రైతు కంట పడటం అరుదు, ఆకు మీద మచ్చ వచ్చాకే సంగతి తెలుస్తుంది.

దీని కుటుంబం పేరు జెలికిడే. పేరు కొత్తగా ఉన్నా చుట్టాలు మనకు బాగా తెలిసినవాళ్లే. పత్తిలో గులాబీ రంగు పురుగు, వేరుశనగలో ఆకుముడత పురుగు, నిల్వ బంగాళాదుంపల్లో పడే దుంప తొలిచే పురుగు, ఇవన్నీ ఈ కుటుంబానివే. మొక్క లోపలికి దూరి తినడం, పైనుంచి కొట్టే మందుకు అందకపోవడం వీటిలో చాలావాటికి ఉన్న లక్షణం.

ఒక్కోచోట ఒక్కో శాస్త్రీయ నామం కనిపిస్తోంది. ఏది సరైనది?

1917లో ఎడ్వర్డ్ మేరిక్ అనే ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు దీనికి మొదట పెట్టిన పేరు థోరిమియా అబ్సొల్యూటా. ఆయన చేతికొచ్చింది ఒకే ఒక్క మగ పురుగు, పెరూలో సముద్రమట్టానికి 3,200 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న వాన్‌కాయో దగ్గర పట్టింది. తర్వాత ప్రజాతిని నాలుగుసార్లు మార్చారు. 1994లో చెక్ శాస్త్రజ్ఞుడు పొవొల్నీ టూటా ప్రజాతిలో చేర్చాక ఆ పేరే ప్రపంచమంతా పాకింది. 2021లో మళ్లీ పరిశీలించి మేరిక్ పెట్టిన థోరిమియాలోకే తిప్పి పంపారు. కొత్త పరిశోధన పత్రాల్లో థోరిమియా అని, మందుల షాపుల్లో, ల్యూర్ (బుట్టలో పెట్టి వాసనతో మగ పురుగులను రప్పించే ఎర) ప్యాకెట్ల మీద టూటా అని కనిపిస్తుంది. రెండూ ఒకటే. కొనేటప్పుడు టూటా అనే అడగండి.

పెరూ నుంచి మన దాకా ఎలా వచ్చింది?

టమాటా వ్యాపారంతో పాటు వచ్చింది. 1960ల నుంచి దక్షిణ అమెరికాలో ఒక్కో దేశానికి పాకుతూ పోయింది. అర్జెంటీనాలో 1964లో, బ్రెజిల్‌లో 1980 ప్రాంతంలో కనిపించింది. 2006 చివర్లో స్పెయిన్ తూర్పు తీరంలోని కాస్టెలోన్‌లో దొరికింది. అక్కడి నుంచి నాలుగైదేళ్లలోనే మధ్యధరా చుట్టూ ఉన్న దేశాలను, పశ్చిమాసియాను చుట్టేసింది. యూరప్, ఆఫ్రికా పురుగుల జన్యువులను పోల్చి చూస్తే అవన్నీ మధ్య చిలీ ప్రాంతం నుంచి ఒకేసారి వచ్చిన సంతతి అని తేలింది. ఒక్కసారి దాటిన పురుగు ఇన్ని దేశాలను ముంచిందన్నమాట.

మన దేశంలో 2014లో మహారాష్ట్రలోని పుణె వైపు, కర్ణాటకలో బయటపడింది. ఆ వెంటనే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ టమాటా పొలాల్లోనూ కనిపించింది. కోలార్ నుంచి పలమనేరు, పుంగనూరు, మదనపల్లె దాకా ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట టమాటా ఉంటూనే ఉంటుంది. ఖాళీ క్రేట్లు, నారు ట్రేలు రోజూ అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఈ పురుగుకు అంతకంటే ఏం కావాలి?

నా తోటలో ఉన్నది ఇదేనా, వేరేదా? ఎలా తేల్చుకోవాలి?

మందు ఎంపిక దీని మీదే ఆధారపడి ఉంటుంది, కాబట్టి తొందరపడొద్దు. టమాటా ఆకును తొలిచే పురుగు మన దగ్గర ముందునుంచీ ఒకటుంది. అది లిరియోమైజా అనే చిన్న ఈగ పిల్ల, దాన్నే పాముపొడ అంటుంటాం. రైతులు ఎక్కువగా తికమకపడేది ఈ రెంటి మధ్యనే.

పాముపొడ గీత సన్నగా, తెల్లగా, ఆకంతా మెలికలు తిరుగుతూ పోతుంది. గీత వెడల్పు మెల్లగా పెరుగుతుందే తప్ప మచ్చలా పరుచుకోదు. టూటా అలా కాదు. మొదట సన్న గీతలా మొదలైనా రెండు మూడు రోజుల్లో అది వెడల్పాటి పొక్కు అవుతుంది. పై పొర, కింది పొర అలాగే ఉండి మధ్యలో పచ్చదనమంతా ఖాళీ అవుతుంది కాబట్టి ఆ భాగం పల్చటి కాగితంలా కనిపిస్తుంది. నల్లటి పెంట పొక్కులో ఒక మూలకు కుప్పగా చేరి ఉంటుంది.

ఇంకా అనుమానంగా ఉంటే ఆకును తెంపి ఎండకెదురుగా పట్టుకోండి. లోపల పురుగుంటే నీడలా కదులుతుంది. గుండుసూదితో పై పొర చీల్చి పురుగును అరచేతిలో వేసుకోండి. కాళ్లూ తలా లేని పసుపు పచ్చ పురుగైతే అది ఈగ పిల్ల. ముదురు రంగు తల, ఛాతీ కింద మూడు జతల కాళ్లు, తల వెనకాల సన్నటి నల్ల పట్టీ ఉంటే టూటా. ఆ నల్ల పట్టీ భూతద్దంలో స్పష్టంగా కనిపిస్తుంది. పది రూపాయల పిల్లల భూతద్దమైనా చాలు. చిన్నప్పుడు మీగడ రంగులో ఉండి, పెద్దయ్యేకొద్దీ ఆకుపచ్చగా, చివరికి వీపు మీద గులాబీ ఛాయతో కనిపిస్తుంది. బాగా ఎదిగినా 8 మిల్లీమీటర్లు దాటదు.

కాయల మీద పోలిక వేరు. శనగపచ్చ పురుగు కాయకు పెద్ద గుండ్రటి రంధ్రం చేసి, తల లోపల పెట్టి మిగతా ఒళ్లు బయట ఉంచి తింటుంది. టూటా రంధ్రం గుండుసూది మొన పెట్టినట్టుంటుంది, చాలావరకు తొడిమ కింద, ముచ్చిక చుట్టూ. పిన్‌వార్మ్ అని పిలిచేది అందుకే. గ్రేడింగ్‌లో ముచ్చికలు ఎత్తి చూడకపోతే ఇలాంటి కాయలు మంచి సరుకులో కలిసిపోయి, రెండు రోజులకు క్రేటులో కుళ్లు మొదలవుతుంది.

"ఊజీ" అని కొందరు అంటారు. అది ఇదేనా?

కొందరు రైతులు కాయలో పురుగు కనిపిస్తే అన్నింటినీ ఊజీ అనే అంటారు. పట్టుపురుగులను పీడించే ఊజీ ఈగకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. షాపులో ఊజీకి మందు అని అడిగితే ఈగ మందు ఇచ్చే ప్రమాదం ఉంది. పురుగున్న ఆకును కవరులో వేసి తీసుకెళ్లి చూపించండి.

ఒక తరం ఎన్ని రోజుల్లో పూర్తవుతుంది?

వేడిని బట్టి మారుతుంది. చిలీలో చేసిన పరిశీలనలో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర 76 రోజులు, దాదాపు 20 డిగ్రీల దగ్గర 40 రోజులు, 27 డిగ్రీల దగ్గర 24 రోజులు పట్టింది.

ఇంట్లో కూర్చుని వేసుకోగలిగే లెక్క ఒకటుంది. పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం కలిపి సగం చేయండి. అందులోంచి 8 తీసేయండి, ఎందుకంటే సుమారు 8 డిగ్రీల కింద ఈ పురుగు ఎదగదు. వచ్చిన అంకెతో 460ని భాగించండి. పగలు 28, రాత్రి 16 ఉంటే సగటు 22, అందులో 8 పోతే 14, అంటే తరానికి దాదాపు 33 రోజులు. సగటు 27 అయితే 24 రోజులు. 35 డిగ్రీలకు దగ్గరపడ్డాక ఈ లెక్క పనికిరాదు. అంత వేడిలో ఎదుగుదల దెబ్బతిని గుడ్లు, చిన్న పురుగులు ఎక్కువగా చస్తాయి.

ఒక తరానికి పట్టే కాలంలో గుడ్డు దశ 4 నుంచి 5 రోజులు, ఆకు లోపల పురుగు దశ దాదాపు రెండు వారాలు, ప్యూపా (పురుగు రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే) దశ 9 నుంచి 11 రోజులు. గుడ్డు అర మిల్లీమీటరు కూడా ఉండదు. మీగడ రంగులో, ఎక్కువగా లేత ఆకుల అడుగున ఒక్కొక్కటిగా పెడుతుంది. ఆడ పురుగు జీవితకాలంలో 260 గుడ్ల దాకా పెట్టగలదు. వాటిలో మూడొంతులకు పైగా మొదటి వారంలోనే పెట్టేస్తుంది. పురుగు నాలుగు దశలు ఎదిగాక చాలావరకు దారం పట్టుకుని నేలకు దిగి మట్టిలో ప్యూపా అవుతుంది. కొన్ని ఆకు పొక్కులోనే, ముచ్చిక కిందే ఉండిపోతాయి. తిండి దొరికినంత కాలం నిద్రాణస్థితి అంటూ ఏమీ లేదు. అనుకూలమైన చోట ఏడాదికి 10 నుంచి 12 తరాలు.

టమాటా ఒక్కదానికేనా, మిగతా పంటలకూ వస్తుందా?

టమాటా దానికి ప్రాణం. అది దొరక్కపోతే బంగాళాదుంప, వంగ ఆకుల మీదా బతుకుతుంది. బంగాళాదుంపలో ఆకులను, కాండాన్ని తింటుంది తప్ప దుంపల జోలికి పోదు. దుంపల్లో పురుగు కనిపిస్తే అది దాని చుట్టం పని. జహీరాబాద్ వైపు టమాటా పక్కనే బంగాళాదుంప వేసేవాళ్లు రెండు పొలాలనూ కలిపే చూసుకోవాలి.

గట్ల మీది కామంచి, ఉమ్మెత్త మొక్కలను చాలామంది పట్టించుకోరు. పంట లేని నెలల్లో పురుగు తలదాచుకునేది వాటి మీదే. వంగలో కాయ, కొమ్మ తొలిచేది మాత్రం వేరే పురుగు.

నారు కొనేటప్పుడు ఏం చూడాలి?

ట్రేలోని ప్రతి మొక్కనూ చూడలేం కాబట్టి అంచుల్లోంచి, మధ్యలోంచి పదేసి మొక్కలు తీసి, పై రెండు ఆకులు తిరగేసి చూడండి. ఒక్క పొక్కు కనిపించినా ఆ ట్రే వద్దనండి. ధర తగ్గిస్తానన్నా వద్దు, ఎందుకంటే తర్వాత పెట్టే మందు ఖర్చు ఆ తగ్గింపును మింగేస్తుంది. విత్తనం ద్వారా ఈ పురుగు రాదు. నర్సరీకి నెట్టు ఉందా, తలుపు రెండు అంచెలుగా ఉందా, పక్కనే టమాటా తోట ఉందా అన్నవి అడిగే హక్కు కొనేవారికి ఉంది.

లింగాకర్షక బుట్టలు ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?

ముందు ఎందుకు పెడుతున్నారో తేల్చుకోండి. పురుగు వచ్చిందా లేదా తెలుసుకోవడానికైతే ఎకరాకు రెండు చాలు. మగ పురుగులను గుంపుగా పట్టేయడానికైతే ఆరుబయట ఎకరాకు 16 నుంచి 20, పాలీహౌస్‌లో ఎకరాకు 8 నుంచి 10 కావాలి. నాటిన రోజే పెట్టాలి. వీలైతే నాటడానికి వారం ముందే పెట్టి, ఆ ప్రాంతంలో పురుగు తిరుగుతోందేమో చూసుకోవాలి.

జిగురు అట్ట ఉన్న డెల్టా బుట్ట లెక్కపెట్టడానికి బాగుంటుంది. గుంపుగా పట్టడానికి నీళ్ల బేసిన్ మేలు, ఖర్చూ తక్కువ. చేసే పద్ధతి ఇది.

1. 30 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లాస్టిక్ బేసిన్ తీసుకుని, అంచుకు ఓ అంగుళం కింద నాలుగు వైపులా చిన్న రంధ్రాలు చేయండి. వాన పడితే ఎక్కువైన నీళ్లు వాటిగుండా పోతాయి.
2. రంధ్రాల దాకా నీళ్లు పోసి, ఒక చెంచా వంటనూనె గానీ నాలుగు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం గానీ కలపండి. ఉత్త నీళ్లయితే పురుగు తేలి ఎగిరిపోతుంది.
3. బేసిన్‌కు అడ్డంగా ఇనుప తీగ కట్టి, ల్యూర్‌ను నీటి మట్టానికి 2 నుంచి 3 సెంటీమీటర్ల పైన వేలాడదీయండి. ల్యూర్ నీళ్లలో మునగకూడదు.
4. బేసిన్‌ను నేల మీదో, రెండు ఇటుకల మీదో పెట్టండి. ఈ చిమ్మట ఎత్తుగా ఎగరదు. శనగపచ్చ పురుగు బుట్టలాగా కర్రకు ఎత్తుగా కడితే ఏమీ పడవు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.
5. రెండు మూడు రోజులకోసారి నీళ్లు చూసుకోండి. ఎండాకాలంలో రోజూ చూడాలి.

ల్యూర్ 4 నుంచి 6 వారాలు పనిచేస్తుంది, ఎండలు ముదిరితే నాలుగు వారాలకే మార్చండి. కొని ఉంచినవి ఫ్రిజ్‌లో పెట్టండి. చేతి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. ముఖ్యంగా శనగపచ్చ పురుగు ల్యూర్ పట్టుకున్న చేత్తో దీన్ని ముట్టుకోవద్దు. పాత ల్యూర్లు పొలంలో పారేస్తే మగ పురుగులు అటు పోయి బుట్టలో పడేవి తగ్గుతాయి.

బుట్టల్లో వందల పురుగులు పడుతున్నాయి. అయినా పొక్కులు తగ్గట్లేదేం?

బుట్టలో పడేవన్నీ మగవే. ఒక మగ పురుగు చాలా ఆడవాటితో జతకట్టగలదు కాబట్టి పది మిగిలినా పని కానిచ్చేస్తాయి. పక్క పొలంలో అప్పటికే జతకట్టిన ఆడ పురుగు ఎగిరొచ్చి గుడ్లు పెడితే మీ బుట్ట ఏమీ చేయలేదు. పైగా ప్రయోగశాలలో జతకట్టని ఆడ పురుగులు కూడా కొన్ని గుడ్లను పొదిగేలా పెట్టినట్టు నమోదైంది. పురుగు తక్కువగా ఉన్నప్పుడే పెట్టి, చుట్టుపక్కల నలుగురు రైతులూ కలిసి పెడితేనే బుట్టలకు పూర్తి ఫలితం. తోట నిండా పొక్కులు వచ్చాక బుట్టలు లెక్క చెప్పే పనికే ఉపయోగపడతాయి.

ఆ లెక్కా చిన్నదేం కాదు. వారం వారం ఒకే రోజున లెక్కపెట్టి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. పడే పురుగులు ఉన్నట్టుండి రెట్టింపయ్యాయంటే వారంలోపు గుడ్లు పిగులుతాయి. మందు కొట్టాల్సింది అప్పుడు. పొక్కులు పెద్దవయ్యేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

పసుపు జిగురు అట్టలు పనిచేస్తాయా?

తెల్లదోమకు పనిచేస్తాయి, పాముపొడ ఈగకూ పనిచేస్తాయి. టూటాకు వాటిని నమ్ముకోవద్దు.

ఏ మందు ఎంత మోతాదులో కొట్టాలి?

లీటరు నీటికి క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ 0.3 మి.లీ., లేదా సయాంట్రానిలిప్రోల్ 10.26 ఓడీ 1.8 మి.లీ., లేదా ఇండాక్సాకార్బ్ 14.5 ఎస్‌సీ 1 మి.లీ. ఎకరాకు 200 లీటర్ల నీరు లెక్కన మొదటిది 60 మి.లీ., రెండోది 360 మి.లీ., మూడోది 200 మి.లీ. అవుతుంది. తొలి దశలో, పొక్కులు అక్కడక్కడే ఉన్నప్పుడు, 10,000 పీపీఎం వేపమందు లీటరుకు 2 నుంచి 3 మి.లీ. చొప్పున కొడితే గుడ్లు పెట్టడం తగ్గుతుంది, చిన్న పురుగులు సరిగా ఎదగవు. బీటీ అనే బాక్టీరియా పొడి కూడా పిల్ల పురుగుల మీద బాగా పనిచేస్తుంది. కానీ ఎండకు త్వరగా చచ్చుబడుతుంది, సాయంత్రమే కొట్టాలి.

మందు పేరెంత ముఖ్యమో కొట్టే తీరూ అంతే ముఖ్యం. సాయంత్రం ఎండ తగ్గాక కొట్టండి. అప్పుడు తేనెటీగలూ తిరగవు, ఆకు మీద మందు కాసేపు తడిగా ఉండి లోపలికి ఇంకుతుంది. నాజిల్ పైకి తిప్పి ఆకు అడుగు తడపాలి. కర్రలు పాతి కట్టిన తోటల్లో మొక్క మధ్య భాగం దట్టంగా ఉండి మందు చేరదు, పురుగు మిగిలేది అక్కడే. కొట్టే ముందు పొక్కులు పడ్డ కింది ఆకులు గిల్లి సంచిలో వేసుకుని బయటకు తీసుకెళితే సగం పురుగు మందు లేకుండానే పోతుంది. గిల్లినవి బోదెల్లో పారేస్తే ఆ పురుగులే పాక్కుంటూ మళ్లీ మొక్క ఎక్కుతాయి.

కోతకూ పిచికారీకీ మధ్య ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీది లేబుల్‌లో ఉంటుంది. రెండు మూడు రోజులకోసారి కోత కోసే టమాటాలో దాన్ని చూడకుండా కొట్టకూడదు.

ఇదే మందు నిరుడు పనిచేసింది. ఈసారి ఎందుకు చావట్లేదు?

రెండు కారణాల్లో ఒకటై ఉంటుంది. మొదటిది, కొట్టేసరికి పురుగు పెద్దదై పొక్కు లోపలో, కాయలోనో ఉంది. మూడు రోజుల తర్వాత పది పొక్కులు చీల్చి చూడండి. పెద్ద పురుగులే బతికి ఉండి చిన్నవి చచ్చి ఉంటే తప్పు మందుది కాదు, సమయానిది.

చిన్నవీ బతికే ఉంటే రెండో కారణం, అంటే నిరోధకత. దక్షిణ అమెరికాలో ఆర్గానోఫాస్ఫేట్, పైరెత్రాయిడ్, కార్టాప్ మందులన్నీ ఇలాగే ఒకదాని తర్వాత ఒకటి చేతులెత్తేశాయి. 2015 నాటికి ఇటలీ, గ్రీస్ తోటల్లో డయమైడ్ మందులకూ గట్టి నిరోధకత నమోదైంది. క్లోరాంట్రానిలిప్రోల్, సయాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియమైడ్ మూడూ డయమైడ్లే. బ్రాండు మార్చి కొడితే మందు మార్చినట్టు కాదు, మూడు డబ్బాల్లో ఉన్నది ఒకే జాతి మందు.

మందును తరం లెక్కన మార్చాలి. దాదాపు నెల రోజులను ఒక విడత అనుకుని అందులో ఒకే జాతి మందు వాడి, వచ్చే నెల దాని ముఖం చూడొద్దు. కీటకనాశక నిరోధకత అంతర్జాతీయ వర్గీకరణలో డయమైడ్లు 28వ గుంపు, ఇండాక్సాకార్బ్ 22ఎ, స్పైనోసాడ్ 5, ఇమామెక్టిన్ 6. వరసగా రెండు నెలలు ఒకే అంకె రాకుండా చూసుకుంటే చాలు. మూడు నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం వల్ల పురుగు రెట్టింపు చావదు, అన్నింటికీ ఒకేసారి అలవాటు పడుతుంది. పైరెత్రాయిడ్లు అస్సలొద్దు. మిత్ర పురుగులు చచ్చి, వెనకే తెల్లదోమ, నల్లి విజృంభిస్తాయి.

మిత్ర పురుగులు ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి, అందులో ఒకటి మన పొలాల్లోనే ఉచితంగా తిరుగుతోంది. నెసిడియోకోరిస్ టెన్యూయిస్ అనే సన్నటి ఆకుపచ్చ నల్లి జాతి పురుగు టూటా గుడ్లను, తెల్లదోమ పిల్లలను పీల్చి తింటుంది. స్పెయిన్‌లో దీన్ని పెంచి పాలీహౌసుల్లో వదులుతారు. దీనికో చెడ్డ గుణం ఉంది. తినడానికి పురుగులు దొరక్కపోతే టమాటా లేత కాండాన్నే పీలుస్తుంది, అక్కడ గోధుమ రంగు ఉంగరాలు పడి పూత రాలుతుంది. ఉంగరాలు ఎక్కువైతేనే దాని సంగతి చూడాలి, కనిపించగానే చంపేయొద్దు.

గుడ్ల మీద ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ జాతి పరాన్నజీవి పనిచేస్తుంది. ట్రైకోగ్రామా ఎకియే అనే జాతిని మన దేశంలోనే గుర్తించి, ఆముదం దాసరి పురుగు ప్రజాతి పేరుతో దానికి నామకరణం చేశారు. దాన్నే స్పెయిన్ పాలీహౌసుల్లో టూటా మీద వదిలారు. మనకు ట్రైకో కార్డుల (ఈ పరాన్నజీవి పెరుగుతున్న గుడ్లు అంటించిన అట్టల) రూపంలో దొరికేవాటిలో టమాటాకు ప్రిటియోసమ్ జాతి అడగండి. కాయతొలిచే పురుగుకు వాడే మోతాదే, ఎకరాకు 20,000 గుడ్ల కార్డు ఒకటి, వారం వారం ఐదారుసార్లు. కార్డును ముక్కలు చేసి సాయంత్రం ఆకుల అడుగున పిన్ను చేయాలి. చీమలు పడితే రాత్రికి రాత్రి కార్డు ఖాళీ చేస్తాయి. మందు కొట్టిన వారంలో కార్డు పెడితే డబ్బు దండగ.

అసలు పెరూలో ఈ పురుగుకు పుట్టుకతోనే శత్రువులున్నాయి. వాటిలో డొలికోజెనిడియా జెలికిడివోరిస్ అనే కందిరీగ జాతి పరాన్నజీవిని పెరూ నుంచి కెన్యాకు తీసుకెళ్లి పొలాల్లో వదిలారు. అది టూటా పిల్ల పురుగు ఒంట్లోనే గుడ్డు పెట్టి పెరుగుతుంది.

పాలీహౌస్‌లోకి రాకుండా ఆపగలమా?

ఆరుబయట కంటే చాలా సులువు. నెట్టు కనీసం సెంటీమీటరుకు ఒకవైపు 9, మరోవైపు 6 దారాలున్న నేత అయ్యుండాలి. తెల్లదోమకు వాడే 50 మెష్ నెట్టు ఇంతకంటే సన్నం కాబట్టి సరిపోతుంది. లోపం ఎప్పుడూ తలుపు దగ్గరే ఉంటుంది. రెండు తలుపులు, వాటి మధ్య కనీసం నాలుగడుగుల చీకటి గది ఉండాలి, రెండూ ఒకేసారి తెరవకూడదు. బయటి క్రేట్లు కడగకుండా లోపలికి తేవద్దు. నెట్టుకు పడ్డ చిరుగు వేలు దూరేంతైనా ఆ రోజే కుట్టేయండి.

పంట అయిపోయాక చెట్లను ఏం చేయాలి?

ధర పడిపోయి కోత మానేసిన తోటే ఊరందరికీ పురుగును పంచే తోట. మందు ఉండదు, తిండి పుష్కలం. అలాంటి తోట నెలరోజులు నిలబడితే ఒక తరం పూర్తవుతుంది.

ఆఖరి కోత అయిన వారంలో చెట్లు పీకండి. గట్టు మీద కుప్ప వేసి వదిలేస్తే ఎండుతున్న ఆకుల్లోంచి పురుగులు దిగి మట్టిలో ప్యూపాలవుతాయి. కాబట్టి కుప్పను పారదర్శక పాలిథిన్ పట్టాతో కప్పి అంచుల మీద మట్టి వేయండి. ఎండకు లోపల ఉడికిపోతుంది. లేదా రెండడుగుల గుంత తీసి పూడ్చేయండి. రాలిన కాయలు కూడా ఏరి అందులోనే వేయాలి. తర్వాత లోతుగా దున్నితే ప్యూపాలు పైకొచ్చి ఎండకు, పక్షులకు పోతాయి.

వేసవిలో పొలం ఖాళీగా ఉంటే నేలను తడిపి 25 మైక్రాన్ల పారదర్శక షీటు 4 నుంచి 6 వారాలు పరచడం ఇంకా గట్టి పని. నల్ల మల్చింగ్ షీటు ఆ పని చేయదు. తర్వాతి పంటగా మొక్కజొన్న, వేరుశనగ, చిక్కుడు, దోస జాతి ఏదైనా వేయండి. వంగ, బంగాళాదుంప వేస్తే టమాటా మళ్లీ వేసినట్టే.

వానలకు తగ్గుతుందా?

గట్టి వాన గుడ్లను, పిల్ల పురుగులను కడిగేస్తుంది. స్ప్రింక్లర్‌తో తడిపిన తోటల్లోనూ పురుగు తక్కువగా ఉంటుంది. అలాగని టమాటాకు స్ప్రింక్లర్ పెట్టుకుంటే ఆకుమచ్చ తెగుళ్లు నెత్తికెక్కుతాయి, ఆ బేరం లాభం కాదు.

తట్టుకునే రకం ఏదైనా ఉందా?

పూర్తిగా తట్టుకునే వంగడం మార్కెట్లో లేదు. అడవి టమాటా జాతులు హాబ్రోకైటిస్, పెన్నెల్లీ ఆకుల మీది నూగులో పురుగును తరిమే జిగురు రసాయనాలు ఉన్నాయి. వాటిని సాగు రకాల్లోకి తెచ్చే ప్రయత్నాలు నడుస్తున్నాయి. టూటా పట్టదని చెప్పి ఎవరైనా విత్తనం అమ్మితే నమ్మకండి.

పురుగు పట్టిన కాయలు తినొచ్చా?

పురుగులో విషం లేదు. రంధ్రం చుట్టూ కోసి పారేసి మిగతాది వండుకోవచ్చు. రంధ్రంలోంచి బూజు, కుళ్లు లోపలికి పోయి వాసన వస్తుంటే మాత్రం కాయంతా పారేయండి.

పెరట్లో నాలుగు మొక్కలున్నాయి. ఇంత తతంగం అవసరమా?

అక్కర్లేదు. వారానికి రెండుసార్లు ఆకులు తిరగేసి, పొక్కు కనిపించిన చోట రెండు వేళ్లతో గట్టిగా నొక్కేయండి, పురుగు లోపలే నలుగుతుంది. పొక్కులు మరీ ఎక్కువున్న ఆకును గిల్లి సబ్బు నీళ్ల బకెట్లో వేయండి. సాయంత్రం పూట వేపమందు చాలు. డయమైడ్ మందుల జోలికి పోకండి.

అమెరికాలో ఉంటున్నాం. మా టమాటా ఆకుల్లోనూ ఇలాంటి పొక్కులే ఉన్నాయి. ఇదేనా?

టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో అయితే అది కీఫెరియా లైకోపెర్సిసెల్లా అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. అదీ ఇదే కుటుంబం, పొక్కులూ దాదాపు ఇలాగే ఉంటాయి, ముదిరాక ఆకును మడిచి దారాలతో కుడుతుంది. టూటా రాకుండా అక్కడి ప్రభుత్వం దిగుమతి టమాటాలకు ప్రత్యేక నిబంధనలు పెట్టింది. కంటితో చూసి రెండింటినీ వేరు చేయడం కష్టం. అనుమానం ఉంటే పొక్కున్న ఆకును జిప్ కవరులో పెట్టి మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ కార్యాలయానికి ఇవ్వండి. ఊరి నుంచి వచ్చేటప్పుడు పెరటి టమాటాలు, వంకాయలు సూట్‌కేసులో పెట్టుకోవద్దు, ముచ్చిక కింద ఏముందో పైకి కనిపించదు.